హన్మకొండల లైవ్ బ్యాండ్ బారు: మూడు శనివారాలు పోయొచ్చినంక రాస్తున్న

బారు పేరు రాస్తలేను, బిల్లు కాడ చిన్న లొల్లి అయింది, ఆ సంగతి కింద చెప్త. రూఫ్‌టాప్ బారు, శనివారం శనివారం బ్యాండ్ పెడుతాండ్రు. మొదటిసారి దోస్తు బర్త్‌డే అని పోయిన, తర్వాత రెండుసార్లు మాత్రం బ్యాండ్ కోసమే పోయిన. బ్యాండ్ ఇనేటందుకు పోతున్న అని ఇంట్ల చెప్తే మా అమ్మ "ఎవల పెండ్లిరా" అన్నది, మన దగ్గర బ్యాండ్ అంటే బరాతే కదా మరి.

డిగ్రీల ఉన్నప్పుడు రెండేండ్లు గణేశ్ నవరాత్రులకు ఒక ఆర్కెస్ట్రాల కీబోర్డ్ వాయించిన. గంతే నా అనుభవం, కానీ ఆ అలవాటుకు ఎక్కడ పాట ఇనబడ్డా ముందు వాయించేటోళ్ల చేతులు చూస్త, గొంతు తర్వాత.

గొంతు లెక్కన చూస్తే వీళ్లు మామూలే. గిటార్ పట్టుకుని పాడే అన్న ఒకడు, ఒక అమ్మాయి, కీబోర్డ్, ఆక్టాప్యాడ్ (పుల్లలతోటి కొట్టే ఎలక్ట్రానిక్ డ్రమ్ము), నలుగురే. నిరుడు ఇంకో బారుల ఇన్న బ్యాండ్‌ల పాడే పిల్లగాడు వీళ్లకంటే ఎంతో నయం, శృతి జరంత కూడా తప్పకపోయేది, కానీ పాటకు పాటకు నడుమ ఫోన్‌ల లిరిక్స్ ఎతుక్కునుడు, గిటార్ తీగలు బిగించుకునుడు, హలో హలో మైక్ చెక్ అనుడు, ఇగ జనం ఎంతసేపని చూస్తరు, ఎవల ముచ్చట్ల వాళ్లు పడ్డరు. రెండు నెలలకు ఆ బ్యాండ్ బంద్ అయింది.

ఇక్కడ పాట అయిపోతాంది అనంగనే కీబోర్డాయన చెయ్యి తియ్యడు, ఆఖరి కార్డ్ (ఒక్కసారే కలిపి నొక్కే స్వరాలు) అట్లనే పట్టుకుని ఉంటడు, దాని మీదికెళ్లే ఇంకో పాట ఎత్తుకుంటరు. ఏ పాట అని గూడ అడుక్కోరు, పాడే అన్న ఎన్కకు తిరిగి ఒక వేలో రెండు వేళ్లో చూపెడుతడు, గంతే. ఇంకోటి, ఒరిజినల్ స్కేల్‌లనే పాడాలె అన్న పంతం లేదు. సినిమా పాటలు సగం మంది గొంతుకు అందవు, పైకి పోతయి, వీళ్లు రెండు మెట్లు దించి పాడుతరు. అందుకే పల్లవి రాంగనే టేబుళ్ల కాడ ఉన్నోళ్లంత అందుకుంటాండ్రు. మా పక్క టేబుల్ల కాజీపేట రైల్వే కాక ఒకాయన, అప్పటిదాంక ఉలుకు పలుకు లేకుంట పల్లీలు బుక్కుతాండె, పాత హిందీ పాట ఎత్తుకోంగనే గ్లాస్ కింద పెట్టి మొత్తం చరణం పాడిండు!

జనాన్ని చూసి పాట మార్చుడు వీళ్లకు బాగ తెల్సు. ఎనిమిదిన్నర దాంక మెల్లగ పాడుతరు, ఎదురుంగ ఉన్నోనితోటి ఒర్రకుంట మాట్లాడొచ్చు. మొదటి రౌండ్ల ఉన్నోనికి తీన్మార్ ఎక్కది, ఆ ముక్క చానా మందికి తెల్వక ఏడు గంటలకే స్పీకర్లు పగలగొడుతరు. ఇగ నిట్ పిల్లలు గుంపు వచ్చిందంటే రెండు హిందీ పాటలు పడుతయి, ఆ కాలేజీల సగం సీట్లు బయటి రాష్ట్రాలోళ్లయే కదా, తెలుగు ఒక్కటే పాడుకుంట కూసుంటే ఆ టేబుల్ మొత్తం ఫోన్లల్ల తలకాయ పెడుతది. కీబోర్డాయన బ్రేక్ దొరికినప్పుడల్లా మంచినీళ్ల గ్లాస్ పట్టుకుని ఆఖరి టేబుల్ కాడికి పోయి నిలబడి ఇంటాండు, ఎందుకంటే సాయంత్రం ఖాళీగ ఉన్నప్పుడు పెట్టిన సౌండ్ జనం నిండినంక ఉండది, మనుషులే సౌండ్ పీల్చుకుంటరు.

తొమ్మిది దాటినంక అసలు సంగతి. ఆక్టాప్యాడ్ తమ్ముడు కుర్చీ ఎన్క ఉన్న సంచిల నుంచి డప్పు తీసిండు, ఫైబర్‌ది కాదు, తోలు డప్పే. ఆ రోజు పొద్దటి నుంచి ముసురు, తోలు మెత్తబడి బొద బొద అంటాంది. సప్పుడు చెయ్యకుంట లేచి కిచెన్‌లకు పోయిండు, తందూరి బట్టీ కాడ అటు తిప్పి ఇటు తిప్పి కాపుకొచ్చిండు, చేత్తోటి ఒక్కటి కొడితే ఖంగుమన్నది. ఇగ ఒక చేత్తోటి సిర్ర, ఇంకో చేత్తోటి సిటికెన పుల్ల, జానపదం మీద ఇరువై నిమిషాలు ఆపలే, ట్రే పట్టుకున్న వెయిటర్ గూడ భుజం ఎగిరేస్తాండు.

తాగినోళ్లతోటి గూడ మంచిగ నెగ్గుకొస్తరు. ఒకాయన టిష్యూ పేపర్ మీద ఒకటే పాట రాసి మాటిమాటికి పంపుతాండు, నాలుగోసారికి పాడే అన్న మైక్‌లనే "అన్నా, ఇంకోపారి పాడితే వదినకు ఫోన్ చేసి నేనే జవాబు చెప్పాలె" అన్నడు. అందరు నవ్విండ్రు, ఆయన గూడ నవ్వి కూసున్నడు.

పది కొట్టంగనే పైన బంద్. 2000 సంవత్సరంల వచ్చిన శబ్ద కాలుష్యం రూల్స్ ప్రకారం రాత్రి పది నుంచి పొద్దుగాల ఆరు దాంక ఓపెన్‌ల స్పీకర్లు, వాయిద్యాలు పెట్టొద్దు, మూసి ఉన్న హాల్ అయితే నడుస్తది. అందుకే అందరం గ్లాసులు పట్టుకుని కింద ఏసీ హాల్‌కు దిగుడు, అదొక జాతర, మా అపోలో ఫిష్ ఎవల టేబుల్‌కో పోయింది, మాకు ఎవలదో చికెన్ మెజెస్టిక్ వచ్చింది, తిన్నం. కింద గిటారు, పాడే ఇద్దరు, అంతే. నాకైతే ఆ అరగంటే ఎక్కువ నచ్చింది.

తిండి సంగతి ఏం చెప్పాలె, బోటి ఫ్రై బాగుంది, మిగతాది అన్ని బార్లల్ల ఉన్నట్టే. మైక్‌కు ఎకో మాత్రం జర తగ్గించాలె, అమ్మాయి పాడుతాంటే మాటలు ఒకదాని మీద ఒకటి పడుతానయి.

ఇగ బిల్లు. లైవ్ మ్యూజిక్ అని టేబుల్‌కు 300 ఏసిండ్రు, మెనూల లేదు, పైకి వచ్చేటప్పుడు ఎవలు చెప్పలే. 300 ఎక్కువ అని కాదు, ముందే చెప్తే నవ్వుకుంట ఇచ్చేటోళ్లం. దాని మీద 10 శాతం సర్వీస్ చార్జీ. 2022 జులైలనే వినియోగదారుల అథారిటీ బిల్లుల ఊకె అట్ల కలపొద్దని చెప్పింది కదా సార్ అంటే మేనేజర్ మొకం ముడుచుకునే తీసేసిండు, మ్యూజిక్ చార్జ్ మాత్రం తియ్యలే. దిగేటప్పుడు పాడే అన్నను అడిగిన, ఆ 300ల మీకేమన్న వస్తదా అని. "మాకు రాత్రికి ఇంత అని మాట్లాడుకున్నం అన్నా, ఆ చార్జీ సంగతి మాకు తెల్వది" అన్నడు.

పోవాలనుకుంటే ఏడున్నర కల్లా పోండ్రి, స్పీకర్ ముందట టేబుల్ ఇస్తే తీసుకోకుండ్రి. ఇంకో మాట, రెండో శనివారం డప్పు తమ్ముడు రాలే, శ్రావణం కదా, బరాత్‌కు పోయిండట, ఆ రోజు తొమ్మిది తర్వాత సప్పగనే నడిచింది. ఫోన్ చేసి ఆయన వస్తాండా అని అడిగి పోండ్రి, రాడంటే ఆ వారం ఆగుండ్రి.