1/25 చార్జర్ కిట్: బాక్స్ మీద 69, బాడీ మీద సగం 68

బాక్స్ మీద బొమ్మ చూసి మోసపోవడం నాకు కొత్త కాదు, అయినా మళ్ళీ మోసపోయాను. ఈసారి 1969 నాటి అమెరికన్ కారు డాడ్జ్ చార్జర్ ఆర్/టి, 1/25 స్కేల్ (అసలు కారులో 25వ వంతు సైజు) ప్లాస్టిక్ కిట్, ముక్కలు అతికించి కట్టుకునేది. (చార్జర్ కొన్నానంటే ఇంట్లో అందరూ ఫోన్‌కి అనుకున్నారు, అది వేరే కథ.) కంపెనీ పేరు రాయడం లేదు. ఈ జబ్బు ఆ ఒక్క కంపెనీదే కాదు కాబట్టి పేరుతో పనిలేదు.

కిట్ తెరవగానే స్ప్రూ (ముక్కలన్నీ అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) నుంచి ఒక్క ముక్క కోయకముందే కొలతలు తీసే కాలిపర్ పట్టుకోవడం నా అలవాటు. అసలు కారు వీల్‌బేస్ (ముందు వెనక చక్రాల మధ్య దూరం) 117 అంగుళాలు, మిల్లీమీటర్లలోకి మార్చి 25తో భాగిస్తే 118.9 రావాలి. కిట్‌లో 118.5 వచ్చింది. అర మిల్లీమీటరు కూడా తేడా లేదు, భేష్. 208 అంగుళాల కారుకి బాడీ పొడవు 211 మిల్లీమీటర్లు, అదీ కరెక్టే. ఇక్కడిదాకా చూసి ఈసారికి గట్టెక్కాం అనుకున్నాను.

తర్వాత బాడీని టేబుల్ అంచున పెట్టి, కిందికి వంగి కంటి ఎత్తులో పక్కనుంచి చూశాను. ఏదో తేడా కొడుతోంది, ఏమిటో వెంటనే తెలియలేదు. అసలు కారు సైడ్ ఫోటో ఒకటి అదే సైజుకి ప్రింట్ తీసి పక్కన పెడితే అప్పుడు దొరికింది: పైకప్పు వెనకభాగం ఎత్తుగా ఉంది. కొలిస్తే ఒకటిన్నర మిల్లీమీటర్లు. ఇంతేనా అంటారేమో, 25తో హెచ్చించి చూడండి, అసలు కారు మీద అది దాదాపు అంగుళంన్నర. అంగుళంన్నర ఎత్తు పెరిగిన చార్జర్ తలపాగా చుట్టుకున్నట్టుంటుంది.

అంతకంటే పెద్ద తప్పు వెనక అద్దం దగ్గరుంది. 1968 నుంచి 70 వరకు వచ్చిన చార్జర్ని దూరం నుంచి కూడా గుర్తుపట్టేది అక్కడే. పైకప్పు రెండు పక్కలా రెక్కల్లా వెనక్కి జారిపోతుంది, వాటి మధ్యలో అద్దం లోపలికి కూరుకుపోయి ఉంటుంది. రేసుల్లో ఆ గుంటలో గాలి సుడి తిరిగి కారు స్పీడు తినేస్తోందనే కదా 1969లో డాడ్జ్ వాళ్ళు చార్జర్ 500 అని ఒకటి తీసి, అందులో అద్దాన్ని పైకి తెచ్చి బాడీతో సమానంగా పెట్టింది. ఈ కిట్‌లో గుంట ఉంది గానీ ఉండాల్సిన లోతులో సగమే ఉంది. అంటే ఇది మామూలు చార్జరూ కాదు, 500 కూడా కాదు. డిజైనర్‌కి రెండు ఫోటోలూ చూపించి మధ్యలో ఆగమన్నట్టుంది.

పైకప్పుని శాండ్ పేపర్‌తో దింపుదామని చూశాను. 400 నంబర్‌తో పావుగంట రుద్దాక బాడీని లైటుకి అడ్డం పెడితే తెల్ల ప్లాస్టిక్‌లోంచి బల్బు గుండ్రంగా కనబడుతోంది, ఇంకో పది రుద్దులు రుద్దితే వేలు అవతలికి వచ్చేది. అక్కడితో ఆపేశాను.

ఇక సంవత్సరాల గందరగోళం. గ్రిల్ మధ్యలో నిలువు పట్టీ ఉంది, కాబట్టి 69. వెనక లైట్లు పొడవుగా అడ్డంగా ఉన్నాయి, అవీ 69వే, ఎందుకంటే 68లో నాలుగు గుండ్రటి లైట్లుండేవి. మరి ఫెండర్ల మీద సైడ్ మార్కర్లు (పక్కన ఉండే చిన్న లైట్లు)? గుండ్రంగా ఉన్నాయి! అవి 68వి, 69లో పొడవాటివి వచ్చాయి. నా అనుమానం ఏమిటంటే 68 కోసం చేసిన మోల్డ్‌నే పట్టుకుని ముందూ వెనకా మార్చి, పక్కల సంగతి మర్చిపోయారు. ఇది పాత అలవాటే లెండి. 1960ల్లో అమెరికాలో కార్ల షోరూములకి 1/25 ప్రమోషనల్ మోడళ్ళు చేసిన రోజుల్లో ఏటేటా కొత్త మోడల్ కారు రాగానే పాత మోల్డ్‌నే చెక్కి సరిపెట్టేవాళ్ళు, అప్పుడు టైముతో పరుగు ఉండేది, అర్థం చేసుకోవచ్చు. ఇప్పుడు మ్యూజియంలో కారు నిలబడి ఉంది, వందల ఫోటోలున్నాయి, ఇప్పుడేం తొందర? అయినా ఇది సరిదిద్దుకోగలిగిన తప్పే. గుండ్రటి మార్కర్లు చెక్కేసి, పుట్టీ పూసి, సన్నటి ప్లాస్టిక్ పట్టీ ముక్కలు నాలుగు అతికిస్తే అరగంట పని.

ఇంజిన్ దగ్గర మాత్రం నవ్వొచ్చింది. బాక్స్ మీద 440 మాగ్నమ్, 375 హార్స్‌పవర్ అని గొప్పగా వేశారు. ఆ ఇంజిన్‌కి డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్‌లకి వరసగా కరెంటు పంచేది) ముందువైపు, ప్యాసింజర్ పక్కన, ఏటవాలుగా ఉంటుంది. కిట్‌లో దానికోసం ఇచ్చిన రంధ్రం ఇంజిన్ వెనక, నడిమధ్యలో ఉంది, నిటారుగా. అలా ఉండేది షెవ్రొలే వీ8కి! స్పార్క్ ప్లగ్ వైర్లు లాగే అలవాటున్న నాలాంటివాడికి ఇది పెద్ద తలనొప్పి. తమాషా ఏమిటంటే 1-8-4-3-6-5-7-2 అనే ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరస) రెండు ఇంజిన్లకీ ఒకటే, డిస్ట్రిబ్యూటర్ తిరిగే దిక్కు మాత్రం వేరు. వెనక రంధ్రం పూడ్చేసి, ముందు పక్కకి వాల్చి కొత్తది తొలిచాను. డిస్ట్రిబ్యూటర్ మూతకి అర మిల్లీమీటరు డ్రిల్ బిట్‌తో తొమ్మిది రంధ్రాలు పెట్టడంలో రెండు బిట్లు విరిగాయి. బిట్లు విరిగింది నా చెయ్యి వణికి, ఆ నింద కిట్ మీద వెయ్యను.

కారు నిలబడ్డ తీరు గురించి చెప్పాలి. ముందుభాగం జీపులా లేచి ఉంది. టైర్లు 28 మిల్లీమీటర్లున్నాయి, అంటే అసలు కారు మీద 27 అంగుళాలు దాటిపోతాయి. ఆ రోజుల్లో వచ్చిన ఎఫ్70-14 టైరు 26 అంగుళాల దగ్గర ఉంటుంది. నాకైతే అవి ఏదో 1/24 కిట్‌కి చేసిన టైర్లనిపిస్తోంది. పైగా ముందు చక్రాలు ఫెండర్ దాటి బయటికి తొంగిచూస్తున్నాయి. అసలు కారుకి ముందు టార్షన్ బార్లుంటాయి (స్ప్రింగుల బదులు మెలితిరిగే కడ్డీలు), ఎత్తు తగ్గించాలంటే కిందికి దూరి రెంచితో బోల్టు తిప్పితే చాలు. కిట్‌లో ఆ బార్లు కింద ఫ్లోర్ మీద గీతల్లా అతుక్కుపోయి ఉన్నాయి, వాటిని ఎంత తిప్పినా ఏం లాభం. స్పిండిళ్ళు (చక్రాలు తగిలించే ఇరుసు ముక్కలు) కోసి, మిల్లీమీటరు పైకి జరిపి మళ్ళీ అతికించాను, టైర్లు నా పాత డబ్బాలోంచి వేరేవి వేశాను. అప్పటికి గానీ కారు కారులా కూర్చోలేదు.

క్రోమ్ మరీ మందం, గ్రిల్ సందులు పూడిపోయాయి. ముందు బంపర్‌ని స్ప్రూకి కలిపిన చోటు సరిగ్గా కళ్ళెదుట పెట్టారు, కోస్తే మచ్చ. బ్లీచ్‌లో ముంచి క్రోమ్ వదిలించి మళ్ళీ పెయింట్ చేశాను (బ్లీచ్‌లో ఇంకే కెమికలూ కలపకండి, కిటికీ తీసి పెట్టుకోండి). తోక చుట్టూ వచ్చే తెల్ల చార డికాల్ (బాడీకి అతికించే పల్చటి స్టిక్కర్) రెండు పక్కలా పొట్టి, పైగా కింద ఎరుపు లోపల్నుంచి గులాబీ రంగులో కనిపిస్తోంది. నేను దాన్ని పక్కనపడేసి మాస్కింగ్ టేప్ వేసి స్ప్రే చేసుకున్నాను.

బాగున్నవి చెప్పకపోతే పాపం. డాష్‌బోర్డ్ అద్భుతం, మీటర్ల అంకెలు భూతద్దంలో చదవొచ్చు. తలుపు ముందు అంచున ఉండే రెండు గాట్లు పదునుగా వచ్చాయి. ఎడమ పక్క పెట్రోల్ మూత విడిగా, క్రోమ్‌లో ఇచ్చారు. పాత కిట్లలో ముందు చక్రాలకి ఒకే ఇనుప ఇరుసు పెట్టి, దాన్ని ఇంజిన్ బ్లాక్‌లో చిల్లు పొడిచి అవతలికి తోసేవాళ్ళు, ఆ దరిద్రం ఇందులో లేదు. టైర్లు విడి కవర్‌లో పెట్టడం కూడా మంచి పని. కొన్ని పాత కిట్లలో మెత్తటి వినైల్ టైరు బాడీకి ఆనుకుని ఆనుకుని ప్లాస్టిక్‌ని కరిగించేసిన దృశ్యం చూసినవాడిని.

రేటింగ్ అడిగితే అయిదుకి రెండున్నర. మొదటిసారి కిట్ కట్టేవాళ్ళు, బాక్స్‌లో ఉన్నది ఉన్నట్టు అతికించి షెల్ఫ్‌లో పెట్టుకునేవాళ్ళు నిశ్చింతగా కొనుక్కోండి, ముక్కలు బాగానే కూర్చుంటాయి. అసలు చార్జర్ని కళ్ళారా చూసినవాళ్ళు, దాని వెనక అద్దం మీద మోజున్నవాళ్ళు మాత్రం జోలికి పోకండి, చూసిన ప్రతిసారీ అదే గుచ్చుకుంటుంది. "ఎవడు చూస్తాడ్రా అంత పరీక్షగా" అన్నాడు మా ఫ్రెండు. నేను చూస్తాను కదా.

మొన్న రాత్రి ఇక ఉండబట్టలేక రేజర్ రంపం తీసి ముందు పిల్లర్లు రెండూ, వెనక రెక్కల మొదళ్ళూ కోసి పైకప్పు ఊడదీశాను. వెనక ఒకటిన్నర మిల్లీమీటర్లు తగ్గించి మళ్ళీ నిలబెడితే సైడ్ ఫోటోతో అచ్చం సరిపోయింది. కిట్‌లో ఇచ్చిన అద్దాలు మాత్రం ఇప్పుడు ఒక్కటీ పట్టడం లేదు.