గిటారిస్టు వెళ్ళిపోయాక బ్లర్: ‘థింక్ ట్యాంక్’తో ఇరవై ఏళ్ళు

బ్రిటన్ రాక్ బృందం బ్లర్ ఆల్బమ్ ‘థింక్ ట్యాంక్’ సీడీని నేను 2004లో, లండన్‌లో చదువుకుంటున్న రోజుల్లో, పాత సామాన్లు అమ్మే ఒక దుకాణంలో కొన్నాను. అప్పటికి నా దృష్టిలో బ్లర్ అంటే గ్రాహమ్ కాక్సన్ గిటారే. డేమన్ ఆల్బర్న్ గాత్రానికి అది పక్కవాద్యంగా ఉండేది కాదు, ఎదురు మాట్లాడే రెండో గొంతులా ఉండేది. సాఫీగా సాగుతున్న పాటలో ఉన్నట్టుండి అపస్వరం లాంటిదొకటి వేసి, మరోసారి వినేసరికి అక్కడ ఉండవలసిన స్వరం అదేనని ఒప్పించడం కాక్సన్‌కు అలవాటు. 1994 నాటి ‘పార్క్‌లైఫ్’ ఆల్బమ్‌తో బ్రిట్‌పాప్‌కు, అంటే తొంభైలలో బ్రిటన్‌లో సాగిన గిటార్ పాప్ ధోరణికి, పెద్ద దిక్కైన ఈ బృందం, 1997లో తన పేరుతోనే వెలువరించిన ఆల్బమ్‌లో కరుకైన, రొదతో నిండిన అమెరికన్ గిటార్ బాణీ వైపు మళ్ళడానికి ముఖ్య కారణం కూడా కాక్సన్ అభిరుచే.

అటువంటి మనిషి 2002లో, కొత్త ఆల్బమ్ పని మొదలైన కొద్ది కాలానికే బృందం నుంచి తప్పుకున్నారు. మిగిలిన ముగ్గురు, అంటే ఆల్బర్న్, బేస్ గిటార్ వాయించే అలెక్స్ జేమ్స్, డ్రమ్స్ వాయించే డేవ్ రౌన్‌ట్రీ, లండన్‌లో మొదలుపెట్టిన పనిని మొరాకోలోని మరాకేష్‌కు, ఆ తరువాత ఇంగ్లండ్‌లోని డెవన్‌కు తీసుకువెళ్ళి పూర్తి చేశారు. 2003 మే నెలలో విడుదలైన ‘థింక్ ట్యాంక్’ బ్రిటన్ ఆల్బమ్‌ల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. ఆ స్థానం సంగతి ఎలా ఉన్నా, మొదటిసారి విన్నప్పుడు నాకు మాత్రం అంతా వెలితిగానే తోచింది. ప్రతి పాటలోనూ గిటార్ ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని ఎదురు చూడడమే సరిపోయింది. నాలుగైదు సార్లు విని, సీడీని అరలో పెట్టేసి, ఏడాది దాకా ముట్టుకోలేదు.

మళ్ళీ తీసింది ఒక చలికాలపు రాత్రి, ఇంటికి తిరిగి వెళ్ళే బస్సులో. హెడ్‌ఫోన్స్‌లో రెండో పాట ‘అవుట్ ఆఫ్ టైమ్’ మొదలైనప్పుడు, ఆ రోజు ఎందుకో నా ధ్యాస గిటార్ కోసం వెతకడం మానేసి కింద నడుస్తున్న బేస్ మీద నిలిచింది. పూర్వం ‘గర్ల్స్ అండ్ బాయ్స్’ పాటను పరుగులు పెట్టించిన ఆ జేమ్సే ఇక్కడ ఒక్కొక్క స్వరాన్ని ఆచితూచి వేస్తూ, గాయకుడు ఊపిరి తీసుకునే చోట మాత్రమే కాస్త కదిలి, మళ్ళీ మంద్ర స్థాయిలోకి వెళ్ళి కూర్చుంటున్నారు. రాగాన్ని మోసే బాధ్యత ఆ బేస్ మీద పడింది. ఈ ఆల్బమ్‌లో గిటార్లు చాలావరకు ఆల్బర్న్ తానే వాయించుకున్నా, కాక్సన్‌లా వాయించే ప్రయత్నం చేయలేదు. అవసరమైన చోట నాలుగు తీగలు మీటి పక్కకు తప్పుకున్నారు. కాక్సన్ ఖాళీ చేసిన స్థలాన్ని పూడ్చకుండా అలాగే ఉంచి, దాని చుట్టూ పాటలు కట్టుకోవడమే ఈ ఆల్బమ్‌లో జరిగిన అసలు మార్పని నాకు ఆ రాత్రి అర్థమైంది. అప్పటి నుంచి ఈ అభిప్రాయం మారలేదు.

అదే పాట మధ్యలో మొరాకోకు చెందిన వాద్యబృందం తీగవాద్యాలు ప్రవేశిస్తాయి. పాశ్చాత్య పాటల్లో వయొలిన్లు సాధారణంగా వేరువేరు స్వరాలు పట్టుకుని పొరలు పొరలుగా పేరుకుంటాయి. ఇక్కడ మాత్రం అన్నీ ఒకే వరుసను కలిసి పట్టుకుని, స్వరం నుంచి స్వరానికి జారుతూ వెళతాయి. కచేరీలలో వయొలిన్ విని పెరిగిన చెవికి ఆ జారుడు పరాయిదిగా అనిపించదు. మన గమకానికీ దానికీ చుట్టరికం ఉందని నేను వాదించబోవడం లేదు గాని, పాటలో నన్ను మొదట కట్టిపడేసినవి ఆ కొద్ది క్షణాలే. కాక్సన్ ఉండి ఉంటే అక్కడ తప్పకుండా గిటార్ వచ్చేది, అదీ బాగానే ఉండేది, కాని ఈ తీగలకు చోటు దొరికేది కాదు.

లోపాలు లేవని చెప్పను. అంత నెమ్మదైన పాట ముగిసీ ముగియగానే మూడో స్థానంలో వచ్చే ‘క్రేజీ బీట్’ నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఫ్యాట్‌బాయ్ స్లిమ్ పేరుతో ప్రసిద్ధుడైన నార్మన్ కుక్ నిర్మాణంలో తయారైన ఈ పాట, గిటార్ లేని లోటును హోరుతో కప్పిపుచ్చే ప్రయత్నంలా వినిపిస్తుంది. 1997లో బ్లర్ పాటే అయిన ‘సాంగ్ 2’ రెండు నిమిషాల్లో అలవోకగా సాధించిన ఊపును దీనిచేత బలవంతంగా తెప్పించాలని చూశారు. ఎనిమిదో పాటగా వచ్చే ఒక్క నిమిషపు అరుపులపాట కూడా అంతే. బృందం తన పాత రూపాన్ని గుర్తు చేసుకున్న ప్రతిచోటా ఆల్బమ్ బలహీనపడుతుంది. ‘క్యారవాన్’లో లాగా ఎండకు సోలిపోయినట్టు నిదానంగా సాగనిచ్చిన చోట మాత్రం నిండుగా ఉంటుంది.

ఇదే అవస్థ స్వేడ్ అనే మరో బ్రిటిష్ బృందానికి 1994లోనే ఎదురైంది. గిటారిస్టు బెర్నార్డ్ బట్లర్ వెళ్ళిపోయినప్పుడు వారు పదిహేడేళ్ళ రిచర్డ్ ఓక్స్‌ను తెచ్చుకుని, 1996లో ‘కమింగ్ అప్’తో మళ్ళీ జనంలోకి వచ్చారు. అది హాయిగా వినదగిన ఆల్బమే, అందులో ఓక్స్ ప్రతిభకు వంక పెట్టలేము. అయినా బట్లర్ లేరన్న బాధ ఆ పాటల్లో నాకు ఎక్కడా తగలదు. ‘థింక్ ట్యాంక్’లో కాక్సన్ లేరన్న సంగతి మొదటి పాటలోని డ్రమ్స్ నుంచే తెలుస్తూ ఉంటుంది. నేను దీన్ని ఎక్కువగా ప్రేమించడానికి కారణం అదే.

నా దగ్గరున్న సీడీలో ఒక దాచిన పాట ఉంది. మొదటి పాట మొదలవగానే వెనక్కి తిప్పే మీటను నొక్కి పట్టుకుంటే, సున్నా దగ్గర ఆగవలసిన అంకెలు ఇంకా వెనక్కి వెళతాయి. అక్కడ ‘పార్క్‌లైఫ్’లో మాటలు చెప్పిన నటుడు ఫిల్ డేనియల్స్ గొంతు మళ్ళీ వినిపిస్తుంది. సీడీ కొన్న మూడేళ్ళకు గాని ఇది నాకు తెలియలేదు.

చివరి పాట ‘బ్యాటరీ ఇన్ యువర్ లెగ్’ గురించి చెప్పకుండా ఈ సమీక్ష పూర్తి కాదు. వెళ్ళిపోక ముందు కాక్సన్ వాయించిన పాటల్లో ఆల్బమ్‌లో మిగిలింది ఇదొక్కటే. పియానో మీద బరువుగా, మెల్లగా నడిచే ఈ పాటలోకి గిటార్ దూరపు ఉరుములా వచ్చి, పైకి లేచి, కరిగిపోతుంది. పన్నెండు పాటలు ఆ చప్పుడు లేకుండా గడిపిన తరువాత ఒక్కసారిగా అది వినబడినప్పుడు, ఇన్నేళ్ళ తరువాత కూడా నేను చేస్తున్న పని ఆపేస్తాను.

2009లో నలుగురూ మళ్ళీ కలిసి హైడ్ పార్క్‌లో కచేరీ చేసినప్పుడు, తాను లేని రోజుల పాట ‘అవుట్ ఆఫ్ టైమ్’ను కాక్సన్ కూడా వాయించారు. ఆ రికార్డింగ్‌ను సంతోషంగానే వింటాను, కాని మరాకేష్ తీగలు ఉన్న పాత రూపానికే మళ్ళీ వస్తాను. కొత్తగా వినేవారు ‘క్రేజీ బీట్’ను దాటవేసినా నష్టం లేదు. చివరి పాటను మాత్రం విడిగా తీసి వినవద్దని నా మనవి, ముందు పన్నెండు పాటలూ విన్న తరువాతే దాని దగ్గరికి రావాలి.