పది వారాల స్టార్టప్ శిక్షణ: 21,240 రూపాయలకు పాలమూరులో నాకు దక్కినది

జడ్చర్ల దగ్గర మూడేళ్లుగా పల్లి నూనె తీసే కర్ర గానుగ నడుపుతున్న నేను, గత ఏడాది మహబూబ్‌నగర్‌లో ఒక ప్రైవేటు సంస్థ నిర్వహించిన పది వారాల స్టార్టప్ శిక్షణలో చేరాను. ఫీజు 18,000 రూపాయలు. 18 శాతం జీఎస్టీ కలిపి 21,240 రూపాయలు ఒకేసారి కట్టాను. శని, ఆదివారాల్లో రోజుకు మూడు గంటల చొప్పున తరగతులు జరిగాయి. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే అచ్చులో నడిచే శిక్షణల గురించి నల్లగొండ నుంచి వచ్చిన తోటి విద్యార్థులు కూడా చెప్పారు కనుక, ఒక్కరిని వేలెత్తి చూపడం కన్నా లోపల ఏముంటుందో వివరించడమే చేరదలచినవారికి ఉపయోగపడుతుందని భావిస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: రెండు వారాలు నేను కట్టిన ఫీజు మొత్తానికీ సరిపోయాయి, మిగిలిన ఎనిమిది వారాలు ఊరికే చెప్తామన్నా మళ్లీ వెళ్లను.

మొదటి నాలుగు వారాలు తరగతి గదిలోనే గడిచాయి. స్టార్టప్‌లకు చేయూతనిచ్చే టీ-హబ్ 2015 నవంబరులో గచ్చిబౌలి ఐఐఐటీ ప్రాంగణంలో మొదలై 2022 జూన్‌లో రాయదుర్గంలోని కొత్త భవనానికి మారిన వైనం, మహిళా పారిశ్రామికుల కోసం 2018 మార్చి 8న వీ-హబ్ ఏర్పడిన సంగతి, మన దివిటిపల్లిలో 2023 మే నెలలో ఐటీ టవర్ తెరిచిన విషయం, అన్నీ తెర మీద బొమ్మలతో చూపించారు. వినడానికి బాగానే ఉంది. అయితే గానుగ వంటి వ్యాపారానికి ఆ చోట్ల ఏ రకమైన సాయం దొరుకుతుందని అడిగితే, "ముందు మీ ఐడియా స్కేల్ కావాలి మేడమ్" (అంటే పెద్దగా విస్తరించగలగాలి) అన్న జవాబుతో సరిపెట్టారు. తర్వాత వారాల్లో ఏ ప్రశ్న అడిగినా ఆ మాటే వినిపించడంతో మా బల్ల మీద కూర్చున్న ఇద్దరు కుర్రాళ్లు దాన్ని లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

ఈ భాగంలో చెప్పినవాటిలో కొన్ని మా పరిస్థితికి అసలు పొసగనివి. ప్రతి ఒక్కరూ వెంటనే ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ పెట్టాలని పదే పదే ఒత్తి చెప్పారు. ఒంటరి యజమాని పేరున నడిచే దుకాణానికి కేంద్రం ఇచ్చే స్టార్టప్ ఇండియా గుర్తింపు రాదన్నది నిజమే. కానీ కంపెనీ పెడితే అమ్మకం రూపాయి లేకపోయినా ఏటా ఆడిట్ చేయించాలని, రిటర్నులు దాఖలు చేయాలని, ఆ ఖర్చు ఆగదని ఎవరూ చెప్పలేదు. నాలాంటివారికి ఉచితంగా దొరికే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమల నమోదు) గురించి స్లైడులో ఒక్క పంక్తి ఉంది, దాన్నీ చదవకుండానే దాటేశారు. ఇంకొక పొరపాటు దీనికన్నా ప్రమాదకరమైనది. సరుకు అమ్మేవారికి ఏడాదికి 40 లక్షల రూపాయల టర్నోవర్ వరకు జీఎస్టీ నమోదు అక్కర్లేదని వేరే రాష్ట్రం నుంచి వచ్చిన శిక్షకుడు చెప్పారు. 20 లక్షల నుంచి 40 లక్షలకు చేసిన ఆ పెంపును తెలంగాణ తీసుకోలేదు. ఇక్కడ పరిమితి 20 లక్షలే. నారాయణపేట చీరలు అమ్మే ఒక సోదరి లేచి ఆ సంగతి చెప్పేవరకు గదిలో అందరమూ 40 అనే రాసుకున్నాం.

స్ఫూర్తి కోసమని చింతకింది మల్లేశం గారి కథ చెప్పారు. ఆలేరు దగ్గరి శారాజీపేటలో, చీరకు ఆసు పోయడానికి (నేసేముందు నూలును మేకుల చుట్టూ తిప్పడానికి) వేలసార్లు చేయి ఆడించి తల్లి భుజం పడిపోవడం చూసి, ఏళ్ల తరబడి శ్రమించి 1999లో లక్ష్మీ ఆసు యంత్రాన్ని పూర్తి చేసిన ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. ఉమ్మడి నల్లగొండ జిల్లావాళ్లకు ఇది కొత్త కథ కాదు. శిక్షకుడు దీన్ని పట్టుదలకు ఉదాహరణగా ముగించేశారు. నాకైతే అందులో వ్యాపారం నేర్చుకునేవారికి పనికొచ్చే సంగతి వేరే ఉందనిపించింది: ఆ యంత్రం ఎవరికి కావాలో, వారి నొప్పి ఎక్కడుందో, దాన్ని కొనగల స్తోమత వారికి ఎంతుందో ఆయనకు ఇంట్లోనే తెలుసు. మా చేత మాత్రం కొనేవారిని ఒక్కరిని కూడా కలవనివ్వకుండానే "దేశపు వంటనూనెల మార్కెట్‌లో ఒక్క శాతం మా లక్ష్యం" అని స్లైడు రాయించారు. దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతి అవుతున్నదన్నది వాస్తవమే గానీ, దానికీ మా వీధిలో నెలకు 400 లీటర్లు అమ్మే నాకూ ఏ సంబంధమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఐదో వారంలో పరిస్థితి మారింది. ఆ వారం వచ్చిన మెంటర్ విశ్రాంత బ్యాంకు అధికారి. గ్రామీణ శాఖల్లోనే ఉద్యోగ జీవితమంతా గడిపినవారు. ఆయన ల్యాప్‌టాప్ తెరవలేదు. "మీ లెక్కల పుస్తకం తెచ్చినోళ్లు ఎవరైనా ఉన్నరా?" అని అడిగారు. నలభై మందిలో ముగ్గురం తెచ్చాం. నా పుస్తకం కాసేపు తిరగేసి, "అమ్మా, పల్లీలు ఏ లెక్కన కొంటున్నవు, నూనె ఏ లెక్కన అమ్ముతున్నవు?" అన్నారు. కిలోల్లో కొంటున్నాను, లీటర్లలో అమ్ముతున్నాను అన్నాను. లీటరు పల్లి నూనె బరువు సుమారు 910 గ్రాములు. వంద కిలోల గింజలకు నలభై కిలోల నూనె దిగితే అది నలభై లీటర్లు కాదు, దాదాపు 44 లీటర్లు. మూడేళ్లుగా నేను డబ్బాలో కొలిచి అమ్ముతూ, పుస్తకంలో మాత్రం కిలోను లీటరుగా రాసుకుంటూ వచ్చాను.

అక్కడితో ఆగి ఉంటే నేను సంతోషంగా ఇంటికి వచ్చేదాన్ని. ఆయన బోర్డు మీద మొత్తం వేశారు. గింజలు కిలో 120 రూపాయల చొప్పున వంద కిలోలకు 12,000. నూనె తీశాక మిగిలే చెక్క (పిప్పి) 55 కిలోలు, కిలో 40 చొప్పున 2,200 రూపాయలు రావాలి. పాడి పశువులున్న ఇరుగుపొరుగుకు నేను ఉద్దెర మీద ఇచ్చి చాలావరకు మరిచిపోయిన సొమ్ము అది. అది తీసేస్తే లీటరుకు గింజల ఖర్చు 223 రూపాయలు. షెడ్డు కిరాయి, పనిమనిషి జీతం, కరెంటు కలిపి నెలకు 27,000. 400 లీటర్ల మీద పంచితే లీటరుకు 67 రూపాయల పైచిలుకు. సీసా, మూత, లేబులు ఇరవై. మొత్తం 310 దాటింది. నేను అమ్ముతున్నది 340కి కనుక ముప్పై రూపాయల లాభం ఉందని మురిసిపోయేలోగా, "నీ జీతం ఏడ రాసినవమ్మా?" అని అడిగారు. పొద్దున ఆరు నుంచి రాత్రి ఎనిమిది వరకు గానుగ దగ్గర ఉండే నాకు నెలకు 15,000 వేసుకున్నా లీటరుకు ముప్పై ఏడున్నర రూపాయలవుతుంది. అంటే లీటరుకు ఎనిమిది రూపాయల నష్టంతో మూడేళ్లు దుకాణం నడిపాను.

ధర పెంచమని ఆయన అనలేదు. నెలకు సుమారు 910 కిలోల గింజలు ఆడించడానికి గానుగ రోజులో సగం పూట తిరిగితే చాలు, మిగతా సగం పూట ఎందుకు ఊరికే ఉందని అడిగారు. యాసంగి పల్లికాయ ఇంటికి వచ్చే రోజుల్లో రైతులు సొంత వాడకానికి తమ గింజలే ఆడించుకోవాలనుకుంటారు. కిలోకు 15 రూపాయల కూలి తీసుకుని ఆడిస్తే, నెలకు 800 కిలోలు వచ్చినా 12,000 రూపాయలు. కూలికి ఆడిస్తామని బోర్డు కట్టిన రెండో నెలలోనే నాకు ఆ గిరాకీ మొదలైంది. ఇంతకాలం ఈ ఆలోచన నాకెందుకు రాలేదని సిగ్గుపడ్డాను. రైతులు వచ్చి అడిగితే "కుదరదు" అని పంపించిన సందర్భాలు కూడా గుర్తున్నాయి.

అప్పు గురించి కూడా ఆయన స్పష్టంగా మాట్లాడారు. సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల కోసం కేంద్రం నడిపే పీఎంఎఫ్ఎంఈ పథకంలో ప్రాజెక్టు వ్యయంపై 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల రాయితీ ఉంది. మన వాటాగా కనీసం 10 శాతం పెట్టుకోవాలి. ఆ రాయితీ చేతికి వచ్చే నగదు కాదని, మూడేళ్లు బ్యాంకులోనే ఉండి ఆ తర్వాత అప్పుకు జమ అవుతుందని, కాబట్టి రాయితీ లేకపోయినా కిస్తీ కట్టగలనా అని చూసుకున్నాకే దరఖాస్తు పెట్టాలని చెప్పారు. అంతకు ముందు వారం అదే గదిలో ఇదే పథకాన్ని "ప్రభుత్వం ఇచ్చే 10 లక్షలు" అని పరిచయం చేశారు.

ఆరో వారంలో బాదేపల్లి మార్కెట్ యార్డుకు తీసుకెళ్లారు. తేమ ఎక్కువున్న పల్లికాయ నిల్వ చేస్తే బూజు పట్టి అఫ్లటాక్సిన్ అనే విషం చేరుతుందని నాకు పుస్తకజ్ఞానంగా తెలుసు. కాయను చెవి దగ్గర ఊపి, గింజ గలగలలాడే తీరును బట్టి ఎండుదల చెప్పే అడ్తిదారు పక్కన గంటసేపు నిలబడటం వేరే చదువు. నల్లగొండ బత్తాయి తోటలవాళ్ల అబ్బాయి ఒకడు మాతో ఉన్నాడు. తన పండు రసానికి పోయేది ఎంత, పండుగానే అమ్ముడుపోయేది ఎంత అన్న లెక్క అక్కడే నేల మీద సుద్దతో వేసుకున్నాడు. లేబులు మీద లీటర్లతో పాటు బరువు కూడా రాయాలన్న నిబంధనను నాకు చెప్పింది కూడా ఆ రోజు బస్సులో పక్కన కూర్చున్న తోటి విద్యార్థినే.

చివరి వారం ఫంక్షన్ హాలులో, మా వ్యాపారాలను పెట్టుబడిదారుల ముందు వివరించే డెమో డే జరిగింది. ఇన్వెస్టర్లుగా పరిచయమైన ఐదుగురిలో నూనె వ్యాపారం గురించి ప్రశ్న వేసినవారు ఒక్కరూ లేరు. శాలువాలు, ఫోటోలు, భోజనం బాగున్నాయి.

కరపత్రంలో పద్నాలుగు మంది మెంటర్ల ఫోటోలు వేశారు. మేము ప్రత్యక్షంగా చూసింది ముగ్గురిని, మిగిలినవారిలో కొందరివి రికార్డు చేసిన వీడియోలు. "జీవితకాల మెంటర్‌షిప్" అన్నది ఒక వాట్సాప్ గ్రూపు. శిక్షణ ముగిసిన రెండు నెలలకు అందులో పండగ శుభాకాంక్షలు, తర్వాతి బ్యాచ్ ప్రకటనలు మాత్రమే మిగిలాయి. అడిగిన ప్రశ్నలకు జవాబు ఇస్తున్నది మా బ్యాచ్ వాళ్లం ఒకరికొకరమే. ఫీజులో కొంత వెనక్కి ఇమ్మని ఇద్దరు అడిగారు, ఇవ్వలేదు; రసీదు వెనుక చిన్న అక్షరాల్లో ఆ సంగతి ముందే ఉంది, మేమే చదవలేదు.

యాప్ కట్టి హైదరాబాద్‌లో పెట్టుబడి వెతకాలనుకునే విద్యార్థులకు ఈ శిక్షణలోని మొదటి భాగం కొంత ఉపయోగపడవచ్చు. గానుగ, పిండి మర, చీరల దుకాణం, పచ్చళ్ల తయారీ వంటివి ఇప్పటికే నడుపుతున్నవారు మాత్రం డబ్బు కట్టేముందు మెంటర్లు ఏ తేదీల్లో స్వయంగా వస్తారో కాగితం మీద రాయించుకోవాలి. మొన్న కొత్త బ్యాచ్ కోసం నాకూ ఫోన్ చేశారు. ఫీజు 22,000 అయిందట. బ్యాంకు సార్ ఈసారి ఎన్ని రోజులు వస్తున్నారని అడిగాను. ఒక్క పూట అన్నారు.