"నల్గొండ చేలో దొరికిన" రోమన్ డినేరియస్: డబ్బు కట్టేముందు ఉలి గాటు చూడండి

వాట్సాప్ గ్రూపుల్లో, పాత సామాన్ల సంతల్లో రోమన్ చక్రవర్తి తైబీరియస్ పేరుతో ఒకే రకం వెండి డినేరియస్ (పాత రోమన్ నాణెం) తిరుగుతోంది. "నల్గొండ వైపు చేను దున్నుతుంటే కుండలో దొరికాయి, ఇంట్లో అవసరం పడి అమ్ముతున్నాం" అని చెబుతారు. డబ్బు పంపాక చేతికొచ్చేది తగరం, సీసం కలిపిన పోత బిళ్ల. ఆ తర్వాత ఫోన్ ఎత్తరు.

ఈ మాట నమ్మేలా ఉండటానికి కారణం, అందులో కొంత నిజం ఉండటమే. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో ఆగస్టస్, తైబీరియస్‌ల డినేరియస్‌లు పదిహేను వందలకు పైగా ఒకే నిధిలో బయటపడ్డాయి. మన "దీనారం" అన్న మాటే డినేరియస్ నుంచి వచ్చింది. కాకపోతే 1878 నాటి నిధి చట్టం ప్రకారం నేలలో దొరికిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలి. 1972 పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు. దాంతో వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి. అమ్మేవాడు చెప్పింది నిజమైతే కేసు, అబద్ధమైతే నకిలీ. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఇక నాణెం సంగతి. బొమ్మ వైపు ఆకుల దండ పెట్టుకున్న చక్రవర్తి తల, బొరుసు వైపు కుర్చీలో కూర్చున్న స్త్రీ, చేతుల్లో రాజదండం, కొమ్మ. బొరుసు మీద "పొంతిఫ్ మాక్సిమ్" (ప్రధాన పూజారి అనే బిరుదు) అని ఉంటుంది. బొమ్మ వైపు పేరులో ఉకారం వచ్చే ప్రతిచోటా ఇంగ్లీషు వీ ఆకారమే ఉండాలి. యూ కనిపిస్తే అక్కడికక్కడే వదిలేయండి. అసలుది 18-19 మిల్లీమీటర్లు, 3.7 గ్రాముల అటూఇటూ. తిరుగుతున్న రకంలో ఒకటి తూస్తే 3.12 గ్రాములు.

ఈ నకిలీకి ఆయువుపట్టు చెంప మీద ఉలి గాటు. దక్షిణాదిన దొరికిన రోమన్ నాణేల్లో కొన్నింటికి అలాంటి గాట్లు నిజంగానే ఉంటాయి. 1898లో పుదుక్కోట్టైలో దొరికిన 501 బంగారు నాణేల్లో ఎక్కువ భాగం అలా గాటుపడ్డవే. సంగతి తెలిసిన కొనుగోలుదారు గాటు చూసి మురిసిపోతాడు, వల వేసేది అతనికే. పదింతల భూతద్దం కింద పెట్టండి. నిజమైన గాటులో లోహం తెగి పక్కకు ఒరుగుతుంది: అంచు పదును, అడుగు ఇరుకు, లోపల కూడా పాత నలుపు. పోతలో గాటు పెదవులు మొద్దుగా, అరిగిన సబ్బుబిళ్లలా ఉంటాయి. అడుగున ఆవగింజకంటే చిన్న గుండ్రటి బొబ్బలు కనిపిస్తాయి, అవి అచ్చులో గాలి బుడగలు నిలిచినచోట లోహం నిండి ఏర్పడినవి. ఒకే గాటు, ఒకే చోట, ఒకే పొడవుతో రెండు నాణేల మీద ఉంటే ఇంకేమీ చూడక్కర్లేదు. ఒకే ముద్రతో (బొమ్మ చెక్కిన అచ్చుతో) కొట్టిన అసలు నాణేలు రెండు ఉండొచ్చు గానీ వాటి అంచు, అరుగుదల, బొమ్మ పక్కకు జరిగిన తీరు ఒకటిగా ఉండవు.

అంచును తిప్పి చూడండి. పోతకు రెండు సగాలు కలిసిన గీత ఉంటుంది. దాన్ని ఆకురాయితో రాసేస్తే సన్నటి సమాంతర గీతలు మిగులుతాయి. దెబ్బ కొట్టి చేసిన నాణెంలో అంచు చీలికలు లోపలికి పోయేకొద్దీ సన్నబడతాయి, పోతలో అవి లోతులేని గుంటలు.

సాంద్రత చూడటానికి 20 గ్రాముల వరకు తూచే, 0.001 గ్రాము చూపే నగల తూకం కావాలి. తేలికైన చిన్న ప్లాస్టిక్ కప్పులో, రెండూ కలిపి తూకం పరిమితి దాటకుండా, నీళ్లు పోసి తూకం మీద పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారానికి కట్టి, అడుగుకూ గోడకూ తగలకుండా పూర్తిగా ముంచండి. పొడి బరువును అప్పుడు కనిపించే అంకెతో భాగించాలి. 3.75ను 0.36తో భాగిస్తే 10.4, తైబీరియస్ వెండికి సరిపోయే లెక్క. పైన చెప్పిన 3.12 గ్రాముల బిళ్లకు నీళ్లలో 0.41 వచ్చింది, అంటే 7.6. నాణేనికి గాలి బుడగ అంటుకుంటే లెక్క తగ్గిపోతుంది, నీళ్లలో ఒక చుక్క సబ్బు వేయండి. 0.01 వరకే చూపే తూకంలో ఒక్క అంకె తేడా వచ్చినా ఫలితం 10.1 నుంచి 10.7 దాకా ఊగుతుంది. వెండిని తగరం నుంచి విడదీయడానికి అది చాలు, అంతకుమించి నమ్మకండి.

సాంద్రత సరిపోయిందని సంబరపడొద్దు. మంచి వెండితో, ముద్రతో కొట్టిన నకిలీలు చాలా ఉన్నాయి. 19వ శతాబ్దం మొదట్లో జర్మనీకి చెందిన బెకర్ కొత్త నాణేలను ఇనుప రజనున్న పెట్టెలో వేసి బండికి కట్టి తిప్పేవాడని చెబుతారు, పాతదనం రావడానికి! వీటిని పట్టాలంటే వేలం పాటల పాత ఫోటోలతో పోల్చి అచ్చుగుద్దినట్టున్న కవలలను వెతకాలి. ముద్ర రకాలకు అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ ఉచిత ఆన్‌లైన్ జాబితా ఉంది. అరుగుదల కూడా చూడండి: అసలుదానిలో చెంప, చెవిపై జుట్టు ముందు అరుగుతాయి, పల్లపు భాగం పదునుగానే ఉంటుంది. అంతా ఒకే తీరున మెత్తగా ఉంటే అనుమానించండి.

సాంద్రత 9 దగ్గర వచ్చి, అరిగినచోట రాగి ఎరుపు తొంగిచూస్తే తొందరపడి పారేయకండి. రాగి మీద వెండి రేకు తొడిగి రోమన్ల కాలంలోనే చేసిన దొంగ నాణెం కావచ్చు. దాన్ని కొనేవాళ్లూ ఉన్నారు, వెండి డినేరియస్ ధర మాత్రం పెట్టకండి.

కంచు, ఇత్తడి నాణేలకు చిలుము చూడాలి. దూది పుల్లను అసిటోన్‌లో ముంచి రుద్దితే ఆకుపచ్చ ఊడివస్తే రంగు వేశారన్నమాట. అసలు చిలుము పళ్లపుల్లకు లొంగదు. లేత ఆకుపచ్చ పొడి మాత్రం రాలుతుంటే కంచు తెగులు కావచ్చు, అది అసలు నాణేనికీ వస్తుంది, పక్కవాటికి దూరంగా ఉంచండి. వెండి నలుపుకు అసిటోన్ పనికిరాదు, ఉడికించిన గుడ్డు పక్కన డబ్బాలో పెట్టినా ఆ నలుపు వస్తుంది.

అమ్మేవాణ్ని మూడు అడగండి: అంచు ఫోటో, రెండు దశాంశాల బరువు, ఇంతకుముందు కొన్న బిల్లు. నకిలీ అని తేలితే ఎప్పుడైనా వెనక్కి తీసుకుంటానని రాసివ్వమనండి. అమ్మేవాడే ముద్రించుకున్న "ధ్రువపత్రం" కాగితం ఖరీదు కూడా చేయదు. విదేశాల్లో ఉన్నవాళ్లు సెలవులకొచ్చి ఇక్కడ కొన్నది సూట్‌కేసులో వేసుకుపోతే పురావస్తు ఎగుమతి కింద విమానాశ్రయంలోనే పట్టుకోవచ్చు. అక్కడి డీలరు దగ్గర బిల్లుతో కొనుక్కోండి.

ఇప్పటికే మోసపోతే నాణేన్ని కడగకండి, తోమకండి. పార్శిల్ కవరు, చెల్లింపు రసీదు, తూకం మీద పెట్టిన వీడియో దాచి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు పంపిన గంటల్లోనే చేస్తే అవతలి ఖాతాలో ఆపే అవకాశం ఎక్కువ.