అపోలో 8 వెంట మా తిరుగుడు: చార్ల్స్‌టన్, ఫ్లోరిడా, షికాగో

మొదటిసారి మనుషుల్ని చంద్రుడి చుట్టూ తిప్పి తెచ్చిన అపోలో 8 గుర్తులు చూడాలని మా నాన్న కోరిక. 1968లో ఆయనకి 13 ఏళ్లు, బాపట్ల దగ్గర పల్లెటూరు, ఆ క్రిస్మస్‌కి చర్చిలో పాస్టరుగారు "చంద్రుడి దగ్గర నుంచి బైబిల్ చదివారర్రా" అని చెప్తే ఊళ్లో సగం మంది నమ్మలేదట. అందుకని ఆయన ఈసారి అమెరికాలో షార్లెట్ ఊళ్లో ఉన్న మా ఇంటికి వచ్చినప్పుడు తీసుకెళ్లాం.

ముందు చార్ల్స్‌టన్. 1968 డిసెంబర్ 27న పసిఫిక్‌లో పడ్డ క్యాప్సూల్‌ని (వ్యోమగాములు కూర్చునే గది), అందులోని ముగ్గురినీ ఎక్కించుకున్న యార్క్‌టౌన్ యుద్ధనౌక ఇక్కడే మ్యూజియంగా ఉంది. నౌక బాగుంది కానీ లోపల మెట్లు నిచ్చెనల్లా నిటారుగా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో కష్టం. నాన్న పై డెక్ చూసి చాలన్నారు.

ఫ్లోరిడాలో టైటస్‌విల్‌లో దిగాం. హోటల్ పేరు చెప్పను. "లాంచ్ వ్యూ రూమ్" (రాకెట్ ఎగరడం కనిపించే గది) అని ఎక్కువ డబ్బులు తీసుకుని పార్కింగ్ వైపు కిటికీ ఇచ్చారు, అడిగితే హోటల్ ముందు నిలబడితే కనిపిస్తుందన్నారు! నది ఒడ్డున స్పేస్ వ్యూ పార్క్ ఉంది, అక్కడికి నడిచి వెళ్తే ఊరికే కనిపిస్తుంది, ఆ డబ్బులు దండగ. కెనెడీ స్పేస్ సెంటర్ టికెట్ కూడా ఖరీదే, అయితే అపోలో 8ని మోసుకెళ్లిన రకం రాకెట్, శాటర్న్ 5, ఉన్న భవనానికి తీసుకెళ్లే బస్ అందులోనే కలిసి ఉంటుంది. పొద్దున్నే వెళ్లండి, సాయంత్రం కాకముందే బస్సులు ఆపేస్తారు. తిండికి మాత్రం శాకాహారులకి పెద్దగా ఏమీ లేదు, మా ఆవిడ కట్టిన పులిహోర కార్లో కూర్చుని తిన్నాం.

అక్కడ అడ్డంగా పడుకోబెట్టిన 110 మీటర్ల రాకెట్ చూస్తే నోట మాట రాదు, కానీ అది ఎగిరింది కాదు. నాకు అంతకంటే నచ్చింది ఫైరింగ్ రూమ్ (రాకెట్‌ని పంపే కంట్రోల్ గది) షో: అప్పటి కన్సోళ్ల ముందు కూర్చోబెట్టి అపోలో 8 ఎగిరిన డిసెంబర్ 21 ఉదయం 7:51 కౌంట్‌డౌన్ నడిపిస్తారు, కిటికీలు దడదడలాడతాయి. అంతకుముందు ఏప్రిల్‌లో మనుషుల్లేకుండా పంపినప్పుడు ఇదే రకం రాకెట్‌లో రెండు ఇంజిన్లు మధ్యలోనే ఆగిపోయాయి, ఆ తర్వాతి ప్రయాణంలోనే ముగ్గురిని ఎక్కించేశారంటే ఏం ధైర్యమో!

కానీ ఒక్కచోటికే వెళ్లగలిగితే షికాగో వెళ్లండి. అసలు క్యాప్సూల్ అక్కడి మ్యూజియం ఆఫ్ సైన్స్ అండ్ ఇండస్ట్రీలో ఉంది (ఇప్పుడు పేరు ముందు గ్రిఫిన్ అని చేర్చారు). మేం డిసెంబర్ సెలవుల్లో వెళ్లాం, చలి మామూలుగా లేదు, లోపల మాత్రం రకరకాల దేశాల క్రిస్మస్ చెట్లు పెట్టారు. 25న మూసేస్తారు, చూసుకోండి. క్యాప్సూల్ అడుగున 4 మీటర్ల వెడల్పు కూడా లేదు, గంటకి దాదాపు 40 వేల కిలోమీటర్ల వేగంతో గాల్లోకి దూసుకొచ్చినప్పుడు కాలిన పైపొర అలాగే ఉంది. మా అమ్మాయి "తాతయ్యా, బాత్రూమ్ ఎక్కడ?" అంది. లేదు తల్లీ, సంచులే. వాళ్ల కమాండర్ బోర్మన్‌కి దారిలో వాంతులు కూడా అయ్యాయి. అలాగే ఆరు రోజులు, అందులో 20 గంటలు చంద్రుడి చుట్టూ పది చుట్లు. ఆ కక్ష్యలోకి దిగడానికి చంద్రుడి వెనకవైపు నాలుగు నిమిషాలు ఇంజిన్ మండించాలి, అప్పుడు భూమితో మాట్లాడే వీలే లేదు. భూమి ఉదయిస్తున్న ఆ ప్రసిద్ధ ఫోటో ముగ్గురిలో ఒకరైన ఆండర్స్ తీసింది కూడా ఇందులోంచే.

నాన్న అక్కడ ముప్పావుగంట నిలబడ్డారు. తర్వాత బాపట్లలో ఉన్న ఫ్రెండ్‌కి వీడియోకాల్ చేసి, "ఒరేయ్, పాస్టరుగారు చెప్పింది దీని గురించేరా" అన్నారు, అవతల అర్ధరాత్రి.

ఆ మ్యూజియంలోనే జర్మన్ సబ్‌మెరైన్ కూడా ఉంది, లోపలికి వెళ్లాలంటే టికెట్ వేరే, ముందే కొనుక్కోండి. మాకు దొరకలేదు.