‘హ్యాకింటాష్ రెడీ’ సెట్టు కొంటున్నారా? బిల్లులో ఏం రాశారో చూశాకే డబ్బులివ్వండి

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ కొట్లుండే సీటీసీ చుట్టుపక్కల, పాత సామాను అమ్మే యాప్‌లలో కూడా, ‘హ్యాకింటాష్ రెడీ’ పేరుతో సెట్లు అమ్ముతున్నారు. ప్రాసెసర్, బోర్డు, గ్రాఫిక్స్ కార్డు, ఎస్‌ఎస్‌డీ, వైఫై కార్డు అన్నీ కలిపి ఒకే రేటు. హ్యాకింటాష్ అంటే ఆపిల్ మ్యాక్ ఓఎస్ నడిచేలా కట్టుకున్న మామూలు పీసీ. అలా నడుపుకుందామని మొదటిసారి పీసీ కట్టుకునేవాళ్లే వీళ్ల గిరాకీ. నేనూ ఒకటి తీసుకున్నాను. ఐదింటిలో మూడు, చెప్పింది ఒకటి, ఇచ్చింది ఒకటి. కొట్టు పేరు రాయడం లేదు. ఒక్క కొట్టు తప్పించుకుంటే సరిపోయే వ్యవహారం కాదిది.

ముందు అసలు చిక్కు చెప్తాను. మ్యాక్ ఓఎస్‌ను ఆపిల్ తయారుచేసిన కంప్యూటర్లలోనే వాడాలని దాని లైసెన్సులోనే ఉంటుంది. కాబట్టి పనిచేయకపోతే ఆపిల్‌ను అడగలేం. కొట్టుకు తీసుకెళ్తే, “విండోస్‌ల మంచిగనే ఆడుతుంది కద అన్నా, పీస్‌ల ఫాల్ట్ ఏం లేదు” అంటారు. వాళ్ల లెక్కలో అది నిజమే కూడా. వస్తువు పాడైతేనే వారంటీ, మ్యాక్‌లో ఆడకపోతే కాదు. అందుకే ఏం చూసుకున్నా డబ్బు చేతులు మారకముందే చూసుకోవాలి.

గ్రాఫిక్స్ కార్డు దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. నా బిల్లులో ‘ఆర్‌ఎక్స్ 580 8 జీబీ’ అని ఉంది. విండోస్ వేస్తే బాగానే నడిచింది. మ్యాక్ ఇన్‌స్టాల్ మొదలుపెడితే ఆపిల్ గుర్తు, దాని కింద గీత సగం దాకా వచ్చి స్క్రీన్ నల్లగా అయిపోయేది. బోర్డు సెట్టింగులన్నీ తిరగేశాక కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్ తెరిచి చూస్తే షేడర్స్ (బొమ్మలు లెక్కకట్టే చిన్న యూనిట్లు) అన్న చోట 2048 కనిపించింది. అసలైన 580కి అక్కడ 2304 ఉండాలి. ఇది చైనా మార్కెట్ కోసం వచ్చిన ‘580 2048ఎస్‌పీ’ రకం, షేడర్ల లెక్కన చూస్తే ఆర్‌ఎక్స్ 570తో సమానం. పైగా క్రిప్టో మైనింగ్‌లో అరిగిన కార్డు, బయోస్ (కార్డులోనే ఉండే ప్రోగ్రామ్) కూడా ఎవరో మార్చేశారు. ఇలా బయోస్ మార్చిన కార్డులు కొన్ని విండోస్‌లో నడిచినా, మ్యాక్‌లోకి వచ్చేసరికి మొరాయిస్తాయి. ఒరిజినల్ బయోస్ వెతికి ఎక్కించుకుంటే కొన్ని దారికొస్తాయి. మొదటిసారి పీసీ కట్టేవాళ్లకు ఆ తలనొప్పి దేనికి?

తిరిగి తీసుకెళ్తే వాళ్లిచ్చిన ఆఫర్ ఇంకా విడ్డూరం. “ఇది వద్దంటే జీటీఎక్స్ 1650 తీస్కపో, ఇంకా కొత్తది” అన్నారు. ఎన్విడియా కొత్త కార్డులకు మ్యాక్ డ్రైవర్లు (కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) 2017లో వచ్చిన హై సియెరా వెర్షన్‌తోనే ఆగిపోయాయి. 2019లో వచ్చిన 1650 మ్యాక్‌లో ఏ రోజూ నడిచింది లేదు. ఆ ఆఫర్‌కు ఒప్పుకుని ఉంటే డబ్బు ఎక్కువ కట్టి మరీ ఇంకా పనికిరాని కార్డు ఇంటికి తెచ్చుకునేవాణ్ని.

580 లాగా ఏఎండీ కంపెనీ కార్డయితే చాలు అనుకోవడానికీ లేదు. 6600, 6600 ఎక్స్‌టీ, 6800 నడుస్తాయి. మధ్యలో ఉన్న 6700 ఎక్స్‌టీకి, కింద ఉన్న 6500 ఎక్స్‌టీకి మ్యాక్‌లో డ్రైవర్ లేదు. 7000 సిరీస్‌లో ఏదీ పనికిరాదు. నంబరు పెద్దదైతే మంచిదనే లెక్క ఇక్కడ చెల్లదు.

ప్రాసెసర్ వరకు నాకు సరైనదే ఇచ్చారు, ఐ5-10400. ఒకవేళ మీకు “స్టాక్ లేదు, అదే రేటుకు 11400 ఇస్తా” అంటే తీసుకోకండి. 10వ తరం ప్రాసెసర్ లోపలే ఉండే యూహెచ్‌డీ 630 గ్రాఫిక్స్‌ను మ్యాక్ గుర్తుపడుతుంది, 11, 12 తరాల్లోవి గుర్తుపట్టదు. నంబరు చివర ‘ఎఫ్’ ఉన్నవాటికి లోపల గ్రాఫిక్సే ఉండదు. కార్డు మొండికేసిన రోజు మానిటర్ తగిలించుకునేందుకు ఇంకో దారి మిగలదు.

ఎస్‌ఎస్‌డీని డబ్బా లేకుండా, “సామ్‌సంగ్ ఎన్‌వీఎంఈ, 970 ఈవోలో ఉండే చిప్పే” అని ఇచ్చారు. మాట అబద్ధం కాదు, లోపలి కంట్రోలర్ చిప్పు ఒకటే. కానీ అది లాప్‌టాప్‌లోంచి పీకిన పీఎం981. మ్యాక్ ఇన్‌స్టాల్ మధ్యలో కెర్నల్ ప్యానిక్ (సిస్టమ్ మొత్తం కుప్పకూలడం) తెప్పించడంలో దానికి పెద్ద పేరుంది. స్టిక్కర్ మీద నంబరు ఎంజెడ్‌వీఎల్‌బీతో మొదలైతే ఆ కుటుంబమే అనుకుని పక్కన పెట్టండి. మైక్రాన్ 2200ఎస్ కూడా అంతే.

వైఫై కార్డు బ్రాడ్‌కామ్ బీసీఎం94360 రకం. “పెట్టంగనే ఆడ్తది, ఎయిర్‌డ్రాప్ సుధా వస్తది” అన్నారు. మ్యాక్ ఓఎస్ వెంచురా వెర్షన్ దాకా ఆ మాట నిజం. 2023లో వచ్చిన సొనోమాలో ఆపిల్ ఈ కార్డుల సపోర్టు తీసేసింది. సొనోమాలో వాడాలంటే సిస్టమ్ సెక్యూరిటీ కొంత సడలించి ప్యాచ్ వేసుకోవాలి. కొత్త వెర్షన్ పెట్టుకోవడానికే కొంటున్నానని చెప్పినవాడికి దాన్ని అంటగట్టడం ఏం పద్ధతి?

సెట్టుతో పాటు ‘మ్యాక్ వేసిన పెన్‌డ్రైవ్’ ఫ్రీగా ఇస్తారు. దాన్ని వాడకండి. అందులోని కాన్ఫిగ్ (సెట్టింగుల ఫైలు) ఇంకెవరి బోర్డుకో చేసింది, అందరికీ ఒకటే సీరియల్ నంబరు. ఐమెసేజ్, ఫేస్‌టైమ్ ఆగిపోవడం ఒక సమస్య. ఎవరు ఏం కలిపారో తెలియని సిస్టమ్‌లో మీ ఆపిల్ ఐడీ, పాస్‌వర్డ్ కొట్టడం దానికంటే పెద్ద సమస్య. మామూలు పీసీలో మ్యాక్‌ను బూట్ చేయించే ఓపెన్‌కోర్ అనే ప్రోగ్రామ్‌తో సొంతంగా ఈఎఫ్‌ఐ (బూటింగ్ ఫైళ్ల ఫోల్డర్) చేసుకుని, ఇన్‌స్టాలర్‌ను ఆపిల్ సర్వర్ నుంచే దించుకోండి. అన్నట్టు, అమెరికాలో సైస్టార్ అనే కంపెనీ ఇలా మ్యాక్ వేసిన పీసీలు అమ్మితే ఆపిల్ కేసు వేసి 2009లో కోర్టు చేత ఆపించింది. పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టేవాళ్లకు ఈ సంగతి పట్టదు.

ఇక డబ్బు సంగతి. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని బిల్లు కింద ముద్ర ఉంది. దాన్ని చూసి తగ్గిపోకండి. నేను మ్యాక్ మాటే ఎత్తలేదు. “బిల్లులో 580 అని రాశారు, ఇచ్చింది 2048ఎస్‌పీ, ఇదిగో స్క్రీన్‌షాట్, 1915కి ఫోన్ చేస్తాను” అన్నాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు. కాసేపు గొణిగి కార్డు వెనక్కి తీసుకుని డబ్బిచ్చారు. ఎస్‌ఎస్‌డీకి మాత్రం పైసా రాలేదు. బిల్లులో ‘ఎన్‌వీఎంఈ 512 జీబీ’ అని మాత్రమే ఉంది, ఇచ్చింది కూడా అదే కదా! వైఫై కార్డుదీ ఇదే కథ. కాబట్టి ప్రతి వస్తువుకూ పూర్తి మోడల్ నంబరు బిల్లులో రాయించండి. కార్డును అక్కడే వాళ్ల టెస్ట్ మెషీన్‌లో పెట్టించి, 580 అయితే జీపీయూ-జెడ్‌లో 2304 కనిపించాకే డబ్బు లెక్కపెట్టండి. టైమ్ లేదంటే మీరూ టైమ్ లేదని లేచి రండి.

ఇంకొకటి. ఇంటెల్ మెషీన్లకు టాహోనే ఆఖరి మ్యాక్ ఓఎస్ అని ఆపిల్ 2025 జూన్‌లోనే చెప్పేసింది. అందుకే ఈ 10వ తరం సెట్లను ఇప్పుడు తోసేస్తున్నారని నా అనుమానం. ఇంట్లో సగం సామాను ముందే ఉండి, సరదాకి కట్టుకుంటే సరే. మొత్తం కొత్తగా కొనేటట్టయితే లెక్క వేసుకోండి: ఎం4 మ్యాక్ మినీ 2024లో మన దగ్గర 59,900 రూపాయలకు వచ్చింది. నాకు చెప్పిన సెట్టు రేటుకు మానిటర్, క్యాబినెట్, ఎస్‌ఎంపీఎస్ కలిపితే దాదాపు అక్కడికే తేలింది.