సి-ఫారం సమీక్ష: ఐదు మార్కులకు చట్టానికి నాలుగున్నర, ఆఫీసు కౌంటరుకు రెండు

అటవీ హక్కుల చట్టం (2006) పేరెత్తితే అందరూ అడిగేది అడవిలో సాగు చేసుకునే భూమికిచ్చే పోడు పట్టానే. అసలు సరుకు సి-ఫారంలో, అంటే ఊరి ఉమ్మడి అడవి మీద హక్కు కోరే దరఖాస్తులో ఉంది. ఊరు తరతరాలుగా వాడుకుంటున్న అడవిని కాపాడుకునే, నిర్వహించుకునే హక్కు దీనితో గ్రామసభకు దక్కుతుంది. అభయారణ్యాలకూ వర్తిస్తుంది కాబట్టి నల్లమలలోని చెంచు పెంటలకూ (చెంచుల చిన్న ఊళ్లకూ) పనికొస్తుంది. పోడు పట్టా 4 హెక్టార్ల దగ్గర ఆగుతుంది, దీనికి ఆ హద్దు లేదు. బదులుగా వన్యప్రాణులనూ నీటివనరులనూ కాపాడే పని 5వ సెక్షన్ గ్రామసభకే అప్పగించింది.

రుసుం లేదు, చాకిరీ ఉంది. సభకు సగం మంది సభ్యులు రావాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి. 10 నుంచి 15 మందితో అటవీ హక్కుల కమిటీ వేయాలి. సాక్ష్యాలు కనీసం రెండు: పెద్దల వాంగ్మూలం రాతలో ఒకటి, పాత శ్మశానమో దేవతల చోటో బావో రెండోది. కాగితాల్లేవని వెనక్కి తగ్గక్కర్లేదు. ఉపగ్రహ చిత్రం ఒక్కటే చూపి తిప్పికొట్టడానికి నిబంధనలు ఒప్పుకోవు.

దరఖాస్తు ఎక్కువగా చెడేది సభ దగ్గరే. పెంటకు విడిగా పెట్టాల్సింది పంచాయతీ అంతటికీ కలిపి పెడతారు, కోరం (ఉండాల్సిన హాజరు) నిలవదు. తర్వాత సరిహద్దు. పక్క ఊరితో తగువుంటే రెండు కమిటీలూ కూర్చుని తేల్చుకోవాలి, పటం ఆ తర్వాతే. అటవీ, రెవెన్యూ సిబ్బందికి పరిశీలన తేదీ ముందే రాసిచ్చి రసీదు తీసుకోండి. రాకపోయి తర్వాత అభ్యంతరం చెబితే పరిశీలన మళ్లీ జరుగుతుంది. అప్పుడూ రాకపోతే గ్రామసభ మాటే ఖాయం. ఆ రసీదు లేకుంటే ఈ వాదన నిలవదు. పట్టా వన సంరక్షణ సమితి పేరున వస్తే తీసుకోవద్దు. ఆ సమితి అటవీశాఖ ఏర్పాటు, హక్కు గ్రామసభది.

పులుల అభయారణ్యంలో ఉన్నవాళ్లకు ఇంకో మాట. ఊరు ఖాళీ చేసి వెళ్తే ఇచ్చే తరలింపు ప్యాకేజీ కుటుంబానికి 15 లక్షల రూపాయలు. హక్కుల గుర్తింపు పూర్తయ్యేదాకా ఖాళీ చేయించకూడదని చట్టంలోని 4(5) సెక్షన్ చెబుతుంది. పైగా జంతువులకు మనుషుల వల్ల కోలుకోలేని హాని ఉందని, కలిసి బతికే దారి లేదని తేలాలి. గ్రామసభ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. కొత్తచోట ఇళ్లు, వసతులు సిద్ధం కావాలి. సి-ఫారం పెట్టకుండా ఆ ప్యాకేజీ మీద సంతకం చేయడం తొందరపాటే.

తిరస్కరిస్తే కారణం రాతలో అడగండి. గ్రామసభ తీర్మానం మీదైతే సబ్ డివిజన్ కమిటీకి 60 రోజుల్లో, ఆ కమిటీ నిర్ణయం మీదైతే జిల్లా కమిటీకి 60 రోజుల్లో అప్పీలు వేయాలి.